కారు లేకుండా పూలలోయకు: రిషికేశ్ బస్టాండు నుంచి ఘాంగరియా దాకా

వానాకాలం దగ్గర పడగానే ఒకే ప్రశ్న పదిమంది అడుగుతారు. "వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ చూడాలనుంది. మాకు కారు లేదు, కొండల్లో నడపడం అసలే రాదు, ట్యాక్సీ బేరం వింటే గుండె జారిపోతోంది. బస్సుల్లో అయ్యే పనేనా?"

అయ్యే పనే. కారులో వచ్చినవాళ్లు కూడా బద్రీనాథ్ రోడ్డు మీదున్న గోవింద్‌ఘాట్ దగ్గర దాన్ని వదిలేసి మనతోపాటు నడవాల్సిందే. కారు పనికొచ్చేది రిషికేశ్ నుంచి గోవింద్‌ఘాట్ వరకున్న సుమారు 270 కిలోమీటర్లకు మాత్రమే. ఆ దారిలో కొండచరియ విరిగిపడితే కారున్నవాడు కారుతో సహా ఇరుక్కుపోతాడు. బస్సులో వెళ్లేవాడు పోలీసులు ఒప్పుకోగానే బ్యాగు భుజానేసుకుని అవతలికి నడిచి, అక్కడున్న జీపెక్కి వెళ్లిపోతాడు. వానాకాలంలో ఇది చిన్న లాభం కాదు.

దీనికి ఒక్కటే షరతు. కొండదారి బస్సులు తెల్లవారుజామున బయలుదేరతాయి. పొద్దు ఎక్కేకొద్దీ వాటి సంఖ్య పలచబడిపోతుంది, రాత్రిపూట ఆ రోడ్డు మీద వాహనాలను వదలరు. ఈ ఒక్క సంగతి మరిచిపోయిన వాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. కింద చెప్పిన మెట్లన్నీ దాని చుట్టూ అల్లినవే.

పార్కు గురించి నాలుగు ముక్కలు చాలు. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉంది, విస్తీర్ణం 87.5 చదరపు కిలోమీటర్లు. 1982లో జాతీయ ఉద్యానం అయింది, 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఏటా జూన్ 1న తెరిచి అక్టోబరు 31న మూసేస్తారు. లోపల రాత్రి ఉండనివ్వరు. అందుకే పై కొసనున్న చిన్న ఊరు ఘాంగరియాలో బస చేసి, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి.

ఎప్పుడు వెళ్లాలి

పూలు దండిగా ఉండేది జులై నడిమి నుంచి ఆగస్టు నడిమి వరకు. జూన్‌లో వెళితే వాగుల మీద ఇంకా మంచు పేరుకుని ఉంటుంది, పూలు తక్కువ. సెప్టెంబరులో ఆకాశం తేటపడి శిఖరాలు బాగా కనిపిస్తాయి, లోయ పచ్చదనం పసుపుకు తిరుగుతుంది, పూలు మాత్రం రాలిపోతుంటాయి. పూల కోసమే అయితే వానలో తడవడానికి సిద్ధపడండి. పొడిగా ఉండే పూలలోయ అంటూ లేదు.

ఇక్కడ మనవాళ్లు తరచూ పడే గుంట ఒకటుంది. అది కాఁవడ్ యాత్ర. ఉత్తరాదివాళ్ల శ్రావణం మన శ్రావణం కంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది. గురుపౌర్ణమి మర్నాటి నుంచి మన లెక్కలో ఆషాఢ బహుళ చతుర్దశి వరకు లక్షల మంది గంగాజలం కోసం హరిద్వార్‌కు కాలినడకన వస్తారు. ఢిల్లీ–హరిద్వార్ రోడ్డులో వాహనాలను దారి మళ్లిస్తారు, బస్సులు గంటల తరబడి ఆలస్యమవుతాయి, రైళ్లలో రిజర్వేషన్ బోగీల్లోకి కూడా జనం ఎక్కేస్తారు. కాబట్టి క్యాలెండరులో తేదీలు వెతికే ముందు పంచాంగం తీయండి. ఆషాఢ అమావాస్య దాటాక హరిద్వార్ చేరేలా టికెట్లు తీసుకుంటే సగం చిక్కు తీరినట్టే. సెలవులు కుదరక ఆ రోజుల్లోనే రావాల్సి వస్తే డెహ్రాడూన్ వరకు విమానంలో వెళ్లండి. జాలీ గ్రాంట్ విమానాశ్రయం డెహ్రాడూన్ ఊరికంటే రిషికేశ్‌కే దగ్గర, హరిద్వార్ రద్దీ తగలదు.

కావలసినవి

- రిషికేశ్ నుంచి తిరిగి రిషికేశ్ వరకు కనీసం ఆరు పగళ్లు, వాటిపైన ఒక రోజు ఖాళీ. ఆ ఖాళీ రోజును దేనికీ కేటాయించొద్దు.
- ఆధార్ కార్డు, దాని జిరాక్సులు రెండు మూడు.
- నగదు. దారిలో మొదటి రాత్రి ఆగే జోషీమఠ్ దాటాక ఏటీఎం మీద ఆశ పెట్టుకోవద్దు. ఫోన్ చెల్లింపులు సిగ్నల్ ఉన్నంతసేపే పనిచేస్తాయి, అది ఎప్పుడు పోతుందో చెప్పలేం. మనిషికి ఏడెనిమిది వేలు, అందులో వందలూ యాభైలూ ఎక్కువ ఉండేలా పెట్టుకోండి.
- బ్యాగును కూడా కప్పేంత పెద్ద రెయిన్‌కోటు. గొడుగు వద్దు, ఇరుకు దారిలో ఖచ్చర్లు (కంచరగాడిదలు) బెదురుతాయి.
- అడుగున గట్టి పట్టున్న బూట్లు. కొత్తవైతే రెండు వారాల ముందు నుంచే వేసుకుని తిరగండి.
- బట్టలకూ ఫోనుకూ వేర్వేరుగా మందపాటి ప్లాస్టిక్ కవర్లు. బ్యాగుకు రెయిన్ కవర్ ఉన్నా ఇవి కావాలి.
- పొడి సాక్సులు మూడు నాలుగు జతలు, స్వెటర్, చెవులు మూసే టోపీ, టార్చి.
- బస్సులో కడుపు తిప్పే గుణం ఉంటే డాక్టర్ని అడిగి మాత్రలు. మలుపులు పది గంటల పాటు ఆగవు.
- వేరుసెనగ చిక్కీ, ఖర్జూరం లాంటివి. ఆవకాయ తెచ్చుకుంటారా, మీ ఇష్టం. సీసాలో కాదు, గట్టి డబ్బాలో.

చేతికర్ర ఇక్కడి నుంచి మోసుకెళ్లొద్దు. గోవింద్‌ఘాట్‌లోనూ, నడక మొదలయ్యే పుల్నాలోనూ చవకగా దొరుకుతుంది.

1. రిషికేశ్ చేరండి, అక్కడే పడుకోండి

హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీకి వెళ్తాయి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ మర్నాడు ఉదయం ఢిల్లీ చేరేసరికి డెహ్రాడూన్ శతాబ్ది వెళ్లిపోయి ఉంటుంది. దానికి ఆశపడి కనెక్షన్ టికెట్ తీసుకోకండి. మధ్యాహ్నం బయలుదేరే డెహ్రాడూన్ జనశతాబ్ది పట్టుకుంటే రాత్రికి హరిద్వార్‌లో ఉంటారు. లేదా మెట్రోలో కశ్మీరీ గేట్ బస్టాండుకు వెళ్లి నేరుగా రిషికేశ్ బస్సెక్కండి. హరిద్వార్ నుంచి రిషికేశ్ పాతిక కిలోమీటర్లే. బస్సులూ షేర్ ఆటోలూ ఉంటాయి.

గది ఎక్కడ తీసుకోవాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. లక్ష్మణ్ ఝూలా, తపోవన్ వైపు గదులు ముచ్చటగా ఉంటాయి, ఫొటోలు చూసి అందరూ అక్కడే బుక్ చేస్తారు. తెల్లవారుజామున నాలుగింటికి అక్కడ ఆటో దొరకదు. బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో, మామూలుదైనా సరే, గది తీసుకోండి. గంగ చూడాలంటే సాయంత్రం వెళ్లి రావచ్చు.

ఇంకో పొరపాటు: ఢిల్లీలో రాత్రి బస్సెక్కి, తెల్లవారుజామున రిషికేశ్‌లో దిగి, వెంటనే జోషీమఠ్ బస్సు పట్టుకుందామనుకోవడం. కాగితం మీద ఒక రోజు మిగులుతుంది. ఆ రాత్రి బస్సు గంట ఆలస్యమైతే కొండ బస్సు పోతుంది, పోకపోయినా నిద్రలేని ఒంటితో పదకొండు గంటల మలుపులు. వద్దు.

2. ముందురోజు సాయంత్రమే బస్సు ఖాయం చేసుకోండి

రిషికేశ్‌లో యాత్రా బస్సుల అడ్డా, మామూలు బస్టాండు ఒకే చోట ఉంటాయి. సాయంత్రం అక్కడికెళ్లి కౌంటర్‌లో రేపటి మొదటి బస్సు ఎన్నింటికో అడగండి. సీటు రాయించుకునే వీలుంటే రాయించుకోండి. బద్రీనాథ్ వెళ్లే బస్సు ఏదైనా జోషీమఠ్, గోవింద్‌ఘాట్ మీదుగానే పోతుంది కాబట్టి అదీ పనికొస్తుంది.

అడగాల్సిన మాట ఇది: "జోషీమఠ్ తక్ సీధీ జాయేగీ? బీచ్ మే బదల్‌నీ తో నహీ పడేగీ?" అంటే నేరుగా జోషీమఠ్ దాకా వెళ్తుందా, మధ్యలో బండి మారాల్సి ఉంటుందా అని. జోషీమఠ్ అని అరుస్తూ చమోలీలో దింపేసే బండ్లు కూడా ఉంటాయి. జవాబు ఒక్కరి దగ్గర విని ఊరుకోకండి. కౌంటర్‌లో ఒకసారి, పొద్దున బస్సెక్కేటప్పుడు కండక్టర్ని ఒకసారి అడగండి. రెండూ కలిస్తేనే బ్యాగు పైకెక్కించండి.

ఊరి పేర్ల దగ్గర రెండు జాగ్రత్తలు. జోషీమఠ్‌కు ఇప్పుడు అధికారికంగా జ్యోతిర్మఠ్ అని పేరు, కొన్ని బోర్డుల మీద అలాగే ఉంటుంది. దారిలో వచ్చే శ్రీనగర్ ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ ప్రాంతంలోది. ఫోన్‌లో కొడితే కశ్మీర్ చూపించి కంగారు పెడుతుంది.

బద్రీనాథ్‌కో, ఘాంగరియా పైనున్న సిక్కుల యాత్రాస్థలం హేమకుండ్‌కో కూడా వెళ్లే ఆలోచన ఉంటే ఉత్తరాఖండ్ ప్రభుత్వ యాత్రా రిజిస్ట్రేషన్ ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చేసుకుని కాగితం ప్రింటు తీసుకోండి. రిషికేశ్ వచ్చాక చేసుకుందాంలే అనుకుంటే కౌంటర్ వరుసలోనే పొద్దు గడిచిపోతుంది.

3. జోషీమఠ్ వరకు

దూరం సుమారు 250 కిలోమీటర్లు. రోడ్డు బాగుంటే పది గంటలు, వాన పడితే ఎంతైనా. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, నందప్రయాగ వరసగా కిటికీలోంచే కనిపిస్తాయి. దేవప్రయాగ దగ్గర భాగీరథి, అలకనంద రెండు రంగుల్లో వచ్చి కలవడం చూడాలంటే నిద్రపోకండి, బస్సు ఆగదు.

సీటు ముందు వరసల్లో తీసుకోండి. చివరి సీటు ఖాళీగా, విశాలంగా ఉండి పిలుస్తుంది. పదో మలుపుకు ఎందుకు ఖాళీగా ఉందో అర్థమవుతుంది.

నేరుగా వెళ్లే బస్సు దొరకలేదనుకోండి, గది వైపు తిరగొద్దు. ముక్కలుగా వెళ్లండి: రిషికేశ్ నుంచి శ్రీనగర్, అక్కడి నుంచి రుద్రప్రయాగ, కర్ణప్రయాగ, చమోలీ, జోషీమఠ్. ప్రతి ఊరి బజారులోనూ షేర్ జీపులు నిండగానే కదులుతాయి. బొలేరో, మ్యాక్స్, సుమో ఏదైనా స్థానికులు అన్నిటినీ "గాడీ" అనే అంటారు. ఇలా వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, మధ్యాహ్నం మూడు దాటాక ముందుకెళ్లే గాడీ నిండటం కష్టం. అప్పుడు ఉన్న ఊళ్లోనే రాత్రి గడిపేయండి. కర్ణప్రయాగ, చమోలీ, పీపల్‌కోటీ మూడింటిలోనూ గదులుంటాయి. చీకట్లో ఒంటరిగా గాడీ మాట్లాడుకుని ముందుకు పోవడం డబ్బుకూ చేటు, ప్రాణానికీ చేటు.

రోడ్డు మూసుకుపోతే ఏం చేయాలన్నది కాస్త వివరంగా చెప్పుకోవాలి. శ్రీనగర్, రుద్రప్రయాగ మధ్య సిరోబగడ్, జోషీమఠ్‌కు ముందు పాగల్ నాలా అనే చోట్ల వానాకాలంలో చరియలు పడటం మామూలే. బస్సు ఆగగానే చేయాల్సిన పనులు:

- కిందికి దిగి గుంపుతో పాటు చరియ దగ్గరికి పోకండి. పడిన చోటే మళ్లీ పడుతుంది.
- ఎంతసేపట్లో తెరుస్తారో డ్రైవర్ని అడగండి. అతను అవతలి డ్రైవర్లతో ఫోన్లో మాట్లాడుతూనే ఉంటాడు. అంచనాలో అతన్ని మించినవాడు లేడు.
- జేసీబీ పనిచేస్తోందంటే గంటో రెండు గంటలో. జేసీబీ ఇంకా రాలేదంటే వెనకటి ఊళ్లో గది చూసుకోవడం మేలు.
- పోలీసులు నడిచి దాటనిస్తే దాటండి. రెండు వైపులా ఆగిపోయిన బండ్లు అప్పటికే ప్రయాణికులను మార్చుకుంటూ ఉంటాయి. రాళ్లు దొర్లుతున్నంతసేపు మాత్రం ఎవరు రమ్మన్నా కదలకండి.

ఇందుకే బ్యాగు బస్సు టాపు మీద వేసేటంత పెద్దది ఉండకూడదని చెప్పేది. ఒడిలో పట్టేదైతే రెండు నిమిషాల్లో దిగి వెళ్లిపోవచ్చు.

జోషీమఠ్ చేరాక ఆ సాయంత్రమే మూడు పనులు: ఏటీఎం, మందుల షాపు, రేపటి గాడీ ఎక్కడ ఎక్కాలో కనుక్కోవడం. చీకటి పడకముందే చేరితే ఇంకొంచెం ముందుకు, గోవింద్‌ఘాట్‌కు పోదామనిపిస్తుంది. అవసరం లేదు. జోషీమఠ్‌లో భోజనం బాగుంటుంది, సుమారు 1,900 మీటర్ల ఎత్తులో ఒక రాత్రి గడపడం ఒంటికీ మంచిది.

4. గోవింద్‌ఘాట్, పుల్నా

పొద్దున్నే షేర్ గాడీ ఎక్కితే గోవింద్‌ఘాట్ ఇరవై కిలోమీటర్లే. బద్రీనాథ్ రోడ్డు మీద దిగి కిందికి నడిస్తే గురుద్వారా, అలకనంద మీద వంతెన వస్తాయి. 2025 మార్చిలో కొండ విరిగిపడి ఇక్కడి వంతెన కూలిపోయింది, దాని బదులు బెయిలీ వంతెన (ఉక్కు ముక్కలు బిగించి త్వరగా కట్టేది) వేశారు.

నాలుగు రోజులకు అక్కర్లేని సామాను ఇక్కడ వదిలేయండి. గురుద్వారాలో సామాను దాచే గది ఉంటుంది, హోటళ్లవాళ్లు కూడా పెట్టుకుంటారు. గురుద్వారాలో అడుగు పెట్టేటప్పుడు తలకు గుడ్డ, కాళ్లకు చెప్పుల్లేకుండా. జేబులో సిగరెట్టు ఉంటే బయటే.

వంతెన అవతల నుంచి పుల్నా దాకా నాలుగు కిలోమీటర్లు స్థానిక జీపులే తిప్పుతాయి, మన బండైనా అక్కడ చెల్లదు. వరుసలో నిలబడి ఎక్కడమే. ఈ నాలుగు కిలోమీటర్లు నడిచి వీరత్వం చూపించాలనుకునే వాళ్లు ఉంటారు. తారు రోడ్డు మీద జీపుల పొగ పీలుస్తూ నడవడంలో ఏమీ లేదు, ఆ కాళ్లు పైన కావాలి.

5. పుల్నా నుంచి ఘాంగరియా నడక

సుమారు పది కిలోమీటర్లు. రాళ్లు పరిచిన వెడల్పాటి దారి, తప్పిపోవడానికి వీల్లేదు. మామూలు నడకకు ఐదారు గంటలు. పదింటికల్లా మొదలుపెట్టండి. పన్నెండు దాటితే పుల్నాలోనో గోవింద్‌ఘాట్‌లోనో ఆగిపోండి.

భ్యూండార్ ఊరి వరకు ఎక్కడం నెమ్మదిగా ఉంటుంది. అక్కడ వంతెన దాటాక చివరి మూడు కిలోమీటర్లు నిటారుగా లేస్తుంది. తొలి సగంలో ఉషారుగా నడిచేసినవాళ్లంతా ఇక్కడే కూలబడతారు. వంతెన ముందున్న దుకాణాల్లో పావుగంట కూర్చుని, తిని, నీళ్లు నింపుకుని లేవండి.

నడవలేనివాళ్లకు ఖచ్చర్లు ఉన్నాయి. రేటు పుల్నాలో కౌంటర్ దగ్గర బోర్డు మీద చూసి చీటీ తీసుకోండి, దారిలో బేరాలు వద్దు. సామాను మోయడానికి పిట్టూ మనిషి దొరుకుతాడు, పిల్లల్నీ పెద్దల్నీ వీపు బుట్టలో మోసేవాళ్లను కండీవాళ్లంటారు. సీజన్‌లో గోవింద్‌ఘాట్ నుంచి హెలికాప్టర్ కూడా ఎగురుతుంది, మబ్బు దిగితే ఆగిపోతుంది. దాని మీద లెక్కలు వేసుకోకండి.

ఖచ్చర్ ఎదురైతే ఎప్పుడూ కొండగోడ వైపు జరగండి. లోయ అంచు వైపు నిలబడితే దాని వీపు మీది మూట ఒక్క తోపు తోసేస్తుంది. ఈ దారిలో నిజంగా భయపడాల్సింది దీనికే.

ఘాంగరియా ఎత్తు 3,050 మీటర్లు. గురుద్వారా, ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వారి అతిథి గృహం, చిన్న హోటళ్లు ఉంటాయి. సెలవు రోజులు, ఆగస్టు 15 చుట్టూ అయితే గది ముందే చెప్పి ఉంచండి. మిగతా రోజుల్లో వెళ్లి చూసి తీసుకోవచ్చు. చూసేటప్పుడు మంచం కాదు, గోడ చూడండి. చెమ్మగా ఉంటే తడిసిన బట్టలు మూడు రోజులైనా ఆరవు. వేడినీళ్లు బకెట్ లెక్కన అమ్ముతారు.

6. లోయలోకి

పొద్దున తెరిచే సమయానికి గేటు దగ్గర ఉండండి. తెరిచే వేళ, చివరి ప్రవేశం, బయటికి రావాల్సిన వేళ, రుసుము అన్నీ అటవీశాఖ చెక్‌పోస్టు బోర్డు మీద ఉంటాయి. ముందురోజు సాయంత్రమే ఆ బోర్డు ఫొటో తీసుకోండి. సాధారణంగా మధ్యాహ్నం దాటితే లోపలికి వదలరు, ఐదింటికల్లా బయటికి రావాలి. ఒకసారి తీసుకున్న అనుమతి మూడు రోజులకు చెల్లుతుంది, కాగితం పారేయకండి.

ఊరు దాటగానే దారి చీలుతుంది. ఎడమది పూలలోయకు, రెండోది హేమకుండ్‌కు. సరైన దారిలో ఉన్నారో లేదో తెలుసుకోవడం తేలిక. లోయలోకి ఖచ్చర్లకు అనుమతి లేదు. కాబట్టి చుట్టూ ఖచ్చర్లు కనిపిస్తున్నాయంటే దారి తప్పారు.

గేటు తర్వాత పుష్పావతి నది మీద వంతెన, దాని వెంటనే భోజపత్ర చెట్ల మధ్య గట్టి ఎక్కుడు. ఈ ఎక్కుడు అయ్యాక లోయ ఒక్కసారిగా విప్పుకుంటుంది. చాలామంది అక్కడే ఆగి, నాలుగు ఫొటోలు తీసుకుని, "ఇంతేనా?" అని వెనక్కి తిరుగుతారు. అది లోయ గుమ్మం మాత్రమే. పూలలో నడవాలంటే ఇంకా రెండు మూడు కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి. అక్కడి నుంచి దారి దాదాపు చదును, చిన్న వాగులు దాటాల్సి ఉంటుంది. 1939లో మొక్కలు సేకరిస్తూ జారిపడి చనిపోయిన జోన్ మార్గరెట్ లెగ్ సమాధి అటువైపే ఉంది. అక్కడి వరకు వెళ్లారంటే లోయను చూసినట్టు లెక్క. ఇంకా ఓపిక ఉంటే నది ఒడ్డు దాకా వెళ్లొచ్చు. కానీ గడియారం చూసుకోండి, పన్నెండున్నర అయితే ఎక్కడున్నా వెనక్కి తిరగండి.

లోపల దుకాణం లేదు, మరుగుదొడ్డి లేదు. పరాఠాలు కట్టించుకుని వెళ్లండి, చెత్త వెనక్కి తెచ్చేయండి. పూలు కోయడం నేరం. ఫొటో కోసం దారి దిగి మొక్కల్లోకి పోతే గార్డు కేకలేస్తాడు, అతని కేకలకు అర్థం ఉంది.

వాన మరీ ఎక్కువైతే ఆ రోజుకు లోయ మూసేస్తారు. ఖాళీ రోజు ఉంచుకోమన్నది దీనికే. "నేను ఇంత దూరం నుంచి వచ్చాను" అని చెక్‌పోస్టులో వాదించి లాభం లేదు, అక్కడికి అందరూ అంత దూరం నుంచే వస్తారు.

7. హేమకుండ్, లేదా లోయ మళ్లీ

మర్నాడు రెండిట్లో ఒకటి. హేమకుండ్ సాహిబ్ నాలుగు వేల మీటర్లకు పైన ఉంది. ఘాంగరియా నుంచి ఆరు కిలోమీటర్లే కానీ ఆరూ నిటారే. ఐదింటికల్లా బయలుదేరితే మధ్యాహ్నానికి దిగడం మొదలుపెట్టొచ్చు. అక్కడా రాత్రి ఉండనివ్వరు. సరస్సు ఒడ్డున గురుద్వారా, పక్కనే లక్ష్మణుడి గుడి, వేడి కిచిడీ పెట్టే లంగరు (గురుద్వారాలోని ఉచిత భోజనశాల). ఆగస్టు, సెప్టెంబరుల్లో పై భాగంలో బ్రహ్మకమలం కనిపిస్తుంది. మన పెరళ్లలో రాత్రిపూట పూసేది కాదు, అది కాక్టస్ జాతి. ఇది బండల మధ్య పూసే ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. నీలి గసగసాల పువ్వు కూడా లోయలో కంటే ఈ దారిలోనే తేలిగ్గా కంటపడుతుంది.

తలనొప్పి, వికారం, తిండి సయించకపోవడం ఉంటే ఎత్తు పడలేదని అర్థం. మాత్ర వేసుకుని పైకి పోవద్దు, కిందికి దిగండి. తూలుతూ నడుస్తున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఒక్క క్షణం ఆలోచించకుండా దించేయండి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నా సలహా హేమకుండ్ వదిలేసి రెండో రోజూ లోయకే వెళ్లమని. అనుమతి కాగితం చెల్లుతుంది, మొదటిరోజు మబ్బు కప్పిన వైపు రెండో రోజు తెరుచుకోవచ్చు.

8. తిరుగు ప్రయాణం

ఘాంగరియా నుంచి ఏడింటికి దిగితే మధ్యాహ్నం భోజనానికి గోవింద్‌ఘాట్‌లో ఉంటారు. అదే రోజు రిషికేశ్ చేరిపోవాలని మాత్రం చూడకండి. రిషికేశ్ బస్సులు జోషీమఠ్ నుంచి తెల్లవారుజామునే వెళ్లిపోతాయి. జోషీమఠ్‌కు వచ్చి సాయంత్రమే సీటు ఖాయం చేసుకుని పడుకోండి. మీ ఖాళీ రోజు ఇంకా మిగిలి ఉంటే గోవింద్‌ఘాట్ నుంచి బద్రీనాథ్ పాతిక కిలోమీటర్లే. దర్శనం చేసుకుని ఆ రాత్రి అక్కడే ఉండి, పొద్దున రిషికేశ్ బస్సెక్కవచ్చు. దారిలో లాంబగడ్ దగ్గర రోడ్డు ఎలా ఉందో మాత్రం గోవింద్‌ఘాట్‌లోనే కనుక్కోండి.

తిరుగు రైలు లేదా విమానం టికెట్ రిషికేశ్ చేరిన రోజు రాత్రికి పెట్టుకోవద్దు. మర్నాడు సాయంత్రానికి పెట్టుకోండి.

అంతా సరిగ్గా నడుస్తోందా? సరిచూసుకోండి

- మొదటి రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు కర్ణప్రయాగ దాటి ఉండాలి. దాటలేదంటే రాత్రి బస పీపల్‌కోటీలోనో చమోలీలోనో అని మనసులో అనుకోండి, ఫోన్ చేసి గది అడగండి.
- రెండో రోజు మధ్యాహ్నం రెండుకు భ్యూండార్ వంతెన దగ్గర ఉండాలి. ఇంకా రాలేదంటే బ్యాగు పిట్టూకు ఇచ్చేయండి.
- ఘాంగరియా చేరిన రాత్రి ఆకలి వేసి, నిద్ర పట్టి ఉంటే ఎత్తు పడినట్టే. రెండూ లేకపోతే మర్నాడు హేమకుండ్ వద్దు, లోయకు కూడా నెమ్మదిగా.
- జోషీమఠ్ వదిలేముందు జేబులో నగదు లెక్కపెట్టండి. తిరిగి జోషీమఠ్ వచ్చేవరకు అయ్యే ఖర్చుకు రెండింతలు ఉండాలి.

ఇంకా అడిగేవి

అమ్మానాన్నలను తీసుకెళ్లవచ్చా? ఘాంగరియా దాకా ఖచ్చర్ మీద రావచ్చు కానీ లోయలోకి నడక లేదా కండీ తప్ప దారి లేదు. గంటల తరబడి బుట్టలో కూర్చోవడం వయసు మీద పడ్డవాళ్లకు సుఖంగా ఉండదు. వాళ్లను ఎవరో ఒకరు తోడుండి బద్రీనాథ్‌లో ఉంచితే అందరికీ హాయి.

ఆడవాళ్లు ఒంటరిగా? సీజన్‌లో ఈ దారంతా యాత్రికులే, చాలామంది వెళ్లొస్తున్నారు. పగలే ప్రయాణం, చీకటి పడేలోపు గది అన్న నియమం తప్పకపోతే చాలు. షేర్ గాడీలో కుటుంబం ఉన్న బండి ఎంచుకోండి. అత్యవసరానికి 112.

హిందీ రాదు? ఊరి పేరు, "కిత్‌నే బజే" (ఎన్నింటికి), "కిత్‌నా పైసా" (ఎంత డబ్బు) మూడూ వస్తే రిషికేశ్ నుంచి ఘాంగరియా దాకా వెళ్లిపోవచ్చు. రేటు విన్నాక దాన్ని ఫోన్‌లో అంకెల్లో కొట్టి చూపించి "ఇత్‌నా?" అని అడగండి. పచాస్ (యాభై), పచ్చీస్ (పాతిక) తేడా అక్కడ తేలిపోతుంది.